అరసవల్లి కిరణాలు చెప్పే లెక్క: పొద్దు ఎందుకు పెరుగుతుంది, ఎందుకు తగ్గుతుంది

శ్రీకాకుళం పట్టణాన్ని ఆనుకుని ఉన్న అరసవల్లి సూర్యనారాయణస్వామి ఆలయంలో ఏటా రెండుసార్లు ఉదయపు కిరణాలు గర్భగుడిలోని మూలవిరాట్టును తాకుతాయి. మార్చి 9 నుంచి 11 వరకు ఒకసారి, అక్టోబరు 1 నుంచి 3 వరకు మరోసారి. మబ్బు పట్టకపోతే భక్తులకు ఆ దర్శనం దక్కుతుంది, పడితే అయిదు నుంచి ఏడు నెలలు ఆగాలి. దీన్ని అద్భుతం అనేవాళ్లున్నారు, ఆలయం కట్టినవాళ్ల నేర్పు అనేవాళ్లున్నారు. ఎవరు ఏమన్నా, మూడు ప్రశ్నలు మాత్రం మిగులుతాయి. ఏడాదికి ఒక్కసారి కాకుండా సరిగ్గా రెండుసార్లే ఎందుకు? వచ్చిన వెలుగు పది పదిహేను రోజులు నిలవకుండా రెండు మూడు రోజుల్లోనే ఎందుకు తప్పుకుంటుంది? రథసప్తమి ఒక ఏడాది జనవరిలో, ఒక ఏడాది ఫిబ్రవరిలో వస్తుంటే ఈ తేదీలు మాత్రం ఎందుకు కదలవు? పగలు పెరగడానికీ తగ్గడానికీ ఉన్న కారణమే ఈ మూడింటికీ జవాబు.

భూమి తన చుట్టూ తాను తిరిగే అక్షం, సూర్యుడి చుట్టూ తిరిగే దారికి నిట్టనిలువుగా లేదు. సుమారు 23.4 డిగ్రీలు ఒరిగి ఉంది. ఏడాది పొడవునా ఆ ఒరుగు ఒకే దిక్కుకు ఉంటుంది, ఉత్తర కొస ధ్రువనక్షత్రం వైపే చూస్తూ ఉంటుంది. ‘జూన్‌లో భూమి సూర్యుడి వైపు వంగుతుంది, డిసెంబరులో అవతలికి వంగుతుంది’ అని బళ్లో చెప్పే మాట వల్ల చాలామందికి భూమి అటూ ఇటూ ఊగుతుందన్న బొమ్మ మనసులో పడిపోయింది. ఊగడం ఏమీ లేదు. భూమి కక్ష్యలో సగం చుట్టు తిరిగి సూర్యుడికి అవతలి పక్కకు చేరుతుంది, అంతే. ఒరుగు మారకపోయినా సూర్యుడు ఉన్న పక్క మారింది కాబట్టి జూన్‌లో సూర్యుడికి ఎదురైన ఉత్తరార్ధం డిసెంబరులో పెడగా ఉంటుంది.

శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఆ అక్షాంశం వెంబడి భూమి చుట్టూ ఒక వలయం గీస్తే, అందులో కొంత భాగం ఎప్పుడూ వెలుగులో, మిగతాది చీకట్లో ఉంటుంది. ఊరు ఆ వలయం మీదుగా 24 గంటల్లో ఒక చుట్టు తిరుగుతుంది. వెలుగులో ఉన్న భాగం ఎంత పొడవో పగలు అంత. అక్షం నిలువుగా ఉండి ఉంటే ఏ వలయమైనా సరిగ్గా సగానికే తెగేది, ఏడాదంతా ఒకే నిడివి పగలు ఉండేది, రుతువులన్న మాటే ఉండేది కాదు. అక్షం ఒరిగి ఉండటం వల్ల జూన్ 21 ప్రాంతంలో శ్రీకాకుళం వలయంలో సగానికి మించి వెలుగులో పడుతుంది. ఆ రోజు పగలు సుమారు 13 గంటల 13 నిమిషాలు. డిసెంబరు 21, 22 తేదీల్లో సుమారు 11 గంటల 2 నిమిషాలే. పెద్ద పగటికీ చిన్న పగటికీ తేడా రెండు గంటల పది నిమిషాల పైచిలుకు.

భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఈ తేడా చిన్నదవుతుంది, ఉత్తరానికి పోయేకొద్దీ పెద్దదవుతుంది. కన్యాకుమారిలో గంట కన్నా తక్కువే. ఢిల్లీలో మూడున్నర గంటలు దాటుతుంది. లండన్‌లో జూన్ పగలు పదహారున్నర గంటలు, డిసెంబరు పగలు ఎనిమిది గంటలకూ తక్కువ. సిక్కోలు (శ్రీకాకుళం) నుంచి చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్లినవాళ్లు శీతాకాలంలో మధ్యాహ్నం నాలుగింటికే వీధి దీపాలు చూసి బెంబేలెత్తేది ఇందుకే. ఇక్కడ పొద్దు మార్పు ఉంటుంది కానీ దాన్ని గమనించాలంటే కాస్త ఓపిక కావాలి.

సూర్యుడికి దగ్గరగా ఉంటే వేసవి, దూరంగా ఉంటే చలికాలం అన్న అపోహ ఇప్పటికీ వినిపిస్తుంది. దాన్ని కొట్టిపారేయడానికి ఒక్క లెక్క చాలు. భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా, అంటే సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో. ఇక్కడ జనం భోగి మంటలకు దుంగలు పోగేసుకునే రోజులవి. అన్నిటికన్నా దూరంగా, సుమారు 15.2 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జులై మొదట్లో.

పగలు ఎంత మారుతుందన్న దానికన్నా ఎంత వేగంగా మారుతుందన్నదే ఇందులో ఆసక్తికరమైన విషయం. ఈ మార్పు ఏడాదంతా ఒకే వేగంతో జరగదు. ఊయల రెండు కొసల దగ్గర నెమ్మదించి ఒక్క క్షణం ఆగినట్టై, మధ్యలో జోరుగా ఎలా పోతుందో ఇదీ అంతే. డిసెంబరు, జూన్ చివరి వారాలు ఆ కొసలు. మార్చి, సెప్టెంబరు నెలలు మధ్య భాగం. కొసల దగ్గర శ్రీకాకుళంలో పగలు రోజుకు కొన్ని సెకన్ల తేడాతో మారుతుంది. మార్చిలో అదే రోజుకు నిమిషం పైగా పెరుగుతుంది. ఫిబ్రవరి 20 నుంచి మార్చి 20 లోపు పగలు దాదాపు అరగంట పెరిగితే, డిసెంబరు 21 నుంచి జనవరి 14 లోపు పెరిగేది ఆరు నిమిషాలే.

సూర్యుడు ఉదయించే చోటు కూడా ఇదే వేగాన్ని అనుసరిస్తుంది. కళింగపట్నం, బారువ తీరాల్లో ఏడాది పొడవునా పొద్దుపొడుపు చూసే మత్స్యకారులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. జూన్‌లో సూర్యుడు సరి తూర్పుకు దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా సముద్రం మీద తేలుతాడు. డిసెంబరులో అంతే దూరం దక్షిణంగా. అంటే ఆర్నెల్లలో ఆ చోటు దాదాపు 50 డిగ్రీల మేర జరుగుతుంది. కొసల దగ్గర రోజుల తరబడి ఉన్నచోటే ఉన్నట్టు కనిపిస్తుంది. మార్చి, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మాత్రం రోజుకు దాదాపు 0.4 డిగ్రీలు జరుగుతుంది. ఆకాశంలో సూర్యబింబం వెడల్పే అర డిగ్రీ. అంటే ఒక రోజుకు సూర్యుడు తన వెడల్పులో ముప్పావు వంతు పైగా పక్కకు తప్పుకుంటాడన్నమాట.

అరసవల్లిలో వెలుగు రెండు మూడు రోజులే ఎందుకు నిలుస్తుందో ఇక్కడ తేలిపోతుంది. ద్వారాల వరస గుండా గర్భగుడి దాకా పోయే దారి సన్నది. సూర్యుడు ఆ దారికి ఎదురుగా వచ్చిన రోజు కిరణం లోపలికి పోతుంది. మూడు రోజులు గడిచేసరికి ఉదయించే చోటు డిగ్రీ పైగా జరిగిపోతుంది, కిరణం గోడకు తగులుతుంది. ఆ మూడు రోజుల్లోనైనా దర్శనం నిమిషాల పాటే. మన అక్షాంశంలో సూర్యుడు నిట్టనిలువుగా పైకి లేవడు, పైకి వస్తూ దక్షిణానికి ఒరుగుతాడు. అందుకే వెలుగు చూస్తూండగానే జారిపోతుంది. అదే గుడిని డిసెంబరు ఆయనాంతపు, అంటే సూర్యుడు దక్షిణ కొసకు చేరి వెనుదిరిగే రోజు సూర్యోదయానికి ఎదురుగా కట్టి ఉంటే, ఉదయించే చోటు కదలదు కాబట్టి కిరణాలు రెండు వారాలకు పైగా రోజూ లోపలికి వచ్చేవి. ఏడాదిలో సూర్యుడు జోరుగా కదిలే రోజుల్లోనే అమరింది కాబట్టే ఈ దృశ్యం అరుదైంది.

ఇక రెండుసార్లే ఎందుకంటే, సూర్యుడు ఒకే చోటును ఏడాదిలో రెండుసార్లు దాటుతాడు. దక్షిణానికి పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి. అక్టోబరు 2 నుంచి డిసెంబరు 21 వరకు లెక్కపెడితే 80 రోజులు. డిసెంబరు 21 నుంచి మార్చి 10 వరకు 79 రోజులు. ఆయనాంతానికి అటూ ఇటూ ఒకే దూరంలో ఉన్న తేదీలు కనుక ఈ రెండు సందర్భాల్లోనూ సూర్యుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) సుమారు నాలుగు డిగ్రీలు దక్షిణంగా ఉంటాడు. సరి తూర్పుకు కాస్త దక్షిణంగా, ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు. పగటి నిడివి కూడా రెండుసార్లూ ఒకటే, 12 గంటలకు మూడు నాలుగు నిమిషాలు తక్కువ. ఈ తేదీలు ఏటా నిలకడగా ఉండటానికి కారణం మన వాడుకలోని ఇంగ్లిషు క్యాలెండరు సూర్యుడి ఉత్తర దక్షిణ కదలికను పట్టుకుని నడవడం. లీపు సంవత్సరం వల్ల ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. రథసప్తమి చంద్రుడి తిథిని బట్టి వచ్చేది కనుక తేదీ మారుతూ ఉంటుంది.

మార్చి 10న, అక్టోబరు 2న పగటి నిడివి ఒకటే అయినప్పుడు సూర్యుడు గడియారంలో ఒకే సమయానికి ఉదయించాలి కదా. ఉదయించడు. శ్రీకాకుళంలో మార్చి 10న సూర్యోదయం సుమారు 6 గంటల 7 నిమిషాలకు అయితే, అక్టోబరు 2న 5 గంటల 45 నిమిషాలకే. 22 నిమిషాల తేడా! సూర్యుడు ఆ రోజుకు అన్నిటికన్నా ఎత్తుకు వచ్చిన మిట్టమధ్యాహ్నపు క్షణం నుంచి మర్నాడు మళ్లీ అక్కడికే వచ్చే క్షణానికి మధ్య సరిగ్గా 24 గంటలు ఉండకపోవడమే దీనికి కారణం. భూమి కక్ష్య కాస్త కోలగా ఉంటుంది, భూమి కొన్ని నెలల్లో వేగంగా, కొన్ని నెలల్లో నెమ్మదిగా పోతుంది. దానికి అక్షం ఒరుగు తోడవుతుంది. రోజుకు కొన్ని సెకన్ల చొప్పున పేరుకున్న తేడా ఫిబ్రవరిలో సూర్యుణ్ణి గడియారం కన్నా 14 నిమిషాలు వెనక్కి నెడుతుంది, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందుకు లాగుతుంది. గడియారం అన్ని రోజులనూ సమానంగా కోసి పంచుతుంది. సూర్యుడికి ఆ పట్టింపు లేదు.

దీనికి ఊరున్న చోటు కూడా కలుస్తుంది. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. శ్రీకాకుళం దానికి 1.4 డిగ్రీలు తూర్పుగా ఉంది కనుక ఇక్కడ సూర్యుడు గడియారం కన్నా సగటున ఐదారు నిమిషాలు ముందుంటాడు. హైదరాబాద్ కన్నా 20 నిమిషాలకు పైగా, అనంతపురం కన్నా 25 నిమిషాలు ముందు. ఒకే రాష్ట్రంలో ఒకే బడి గంట, కానీ జనవరిలో అనంతపురం పిల్లలు మసక చీకట్లో లేచే వేళకు సిక్కోలు పిల్లలకు తెల్లగా తెల్లారిపోయి ఉంటుంది. సాయంత్రం ఆటల దగ్గరికి వచ్చేసరికి సిక్కోలు పిల్లలే నష్టపోతారు.

అన్నిటికన్నా చిన్న పగలు డిసెంబరు 21, 22 తేదీల్లో కనుక అన్నిటికన్నా త్వరగా పొద్దుగుంకేదీ, అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లారేదీ ఆ రోజే అనుకుంటాం. మూడూ మూడు వేర్వేరు రోజులు. శ్రీకాకుళంలో అన్నిటికన్నా త్వరగా సూర్యుడు అస్తమించేది నవంబరు నాలుగో వారంలో, సాయంత్రం 5 గంటల 16 నిమిషాల ప్రాంతంలో. ఖరీఫ్ వరి కోతలకు వచ్చి, కూలీలు దొరక్క రైతు టెన్షన్ పడే రోజుల్లోనే చేతిలో ఉన్న సాయంత్రం అన్నిటికన్నా పొట్టిది. ‘మార్గశిరాన మాట్లాడ పొద్దుండదు’ అన్న సామెత పుట్టింది ఊరికే కాదు.

డిసెంబరులో మిట్టమధ్యాహ్నపు క్షణం గడియారంలో రోజుకు 25, 30 సెకన్ల చొప్పున ఆలస్యమవుతుంది. పగలు తగ్గుతున్నది అంతకన్నా నెమ్మదిగా. అందుకని ఆయనాంతం రాకముందే సాయంత్రాలు సాగడం మొదలవుతుంది. తెల్లవారడం మాత్రం ఇంకా ఇంకా ఆలస్యమవుతూ జనవరి 20 ప్రాంతానికి 6 గంటల 29 నిమిషాల దాకా పోతుంది. సంక్రాంతి నాడు ఇదే కనిపిస్తుంది. డిసెంబరు 21తో పోలిస్తే జనవరి 14న సూర్యుడు 14 నిమిషాలు ఆలస్యంగా అస్తమిస్తాడు, 8 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. చేతికి దక్కింది ఆరు నిమిషాలు. ఉత్తరాయణం వచ్చింది, పొద్దు పెరిగింది అని పెద్దలు అంటుంటే, తెల్లవారుజామున ముగ్గు వేసే ఆడవాళ్లకు మాత్రం చీకటి తగ్గినట్టే ఉండదు. ఇద్దరి మాటా నిజమే. పెద్దలు చూసేది సాయంత్రాన్ని.

సంక్రాంతికి ఉత్తరాయణం మొదలవుతుందన్నది కూడా ఒకప్పటి ఆకాశానికి చెందిన లెక్క. సూర్యుడు ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21, 22 తేదీల్లోనే. భూమి అక్షం సుమారు 26 వేల ఏళ్లకు ఒకసారి చుట్టు తిరిగేలా చాలా నెమ్మదిగా దిక్కు మార్చుకుంటుంది. నక్షత్రాలను ఆధారం చేసుకుని లెక్కించే మకర సంక్రమణం అందువల్ల ఆయనాంతం నుంచి సుమారు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున దూరం జరుగుతోంది. 1,700 ఏళ్ల క్రితం రెండూ ఒకేసారి వచ్చేవి. ఇప్పుడు మూడు వారాలకు మించిన ఎడం ఉంది. పండగకు దీనివల్ల వచ్చిన లోటేమీ లేదు. కానీ పొద్దు ఎప్పుడు తిరిగిందో చెప్పమంటే మాత్రం సంక్రాంతిని చూపించలేం.

పొద్దు కొలతను మనిషి కన్నా బాగా పట్టేది మొక్క. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గోగు పంటకు పేరుంది. విజయనగరం పరిసరాల జూట్ మిల్లులకు ఈ నార ముడిసరుకు, ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానంలో దీని మీద ప్రత్యేకంగా పని జరుగుతుంది. గోగు చిన్న పగటి మొక్క. పగలు తగ్గి రాత్రి ఒక హద్దు దాటి పెరిగితేనే పూతకు వస్తుంది. ముందు విత్తినా వెనక విత్తినా, పొద్దు తగ్గే కాలం రాగానే పూసేస్తుంది. పూత మొదలైతే కాండం ఎదుగుదల మందగిస్తుంది, నార ఉండేది కాండం బెరడులోనే. వేసవి చివర పడిన తొలకరి వానలకే విత్తిన చేను మనిషిని దాటి ఎదుగుతుంది. వానలు ఆలస్యమై జులైలో విత్తినది ఎత్తు అందుకోకముందే పూతకు వచ్చి రైతుకు నార తగ్గిస్తుంది. ఎరువు ఎంత వేసినా పొద్దును వెనక్కి తిప్పలేరు. చామంతి చలికాలంలో విరగబూయడం వెనకా ఇదే పద్ధతి ఉంది. ఈ మొక్కలకు వానతోనో చలితోనో పని లేదని కాదు, కానీ అవి ఏటా మారేవి. పగటి నిడివి మాత్రం ఏ ఏడాదైనా తప్పదు, అందుకే మొక్క దాన్ని నమ్ముకుంది.

పగలు అన్నిటికన్నా పెద్దదైన జూన్ 21నే ఎండ కూడా అన్నిటికన్నా ఎక్కువ ఉండాలి కదా అన్నది మరో న్యాయమైన ప్రశ్న. ఎండ తీవ్రత పగటి నిడివి మీదే కాక సూర్యుడు ఎంత ఎత్తున ఉంటాడన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. డిసెంబరులో శ్రీకాకుళంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 48 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. నడినెత్తిన ఉన్నప్పటితో పోలిస్తే అప్పుడు అదే నేల మీద పడే వెలుగు ముప్పావు వంతే. జూన్‌లో 85 డిగ్రీల ఎత్తున ఉంటాడు, అయినా రోళ్లు పగిలేది మే చివర రోహిణి కార్తెలో. జూన్ మధ్యకల్లా నైరుతి రుతుపవనాల మబ్బులు ఉత్తరాంధ్ర మీదికి వచ్చి ఆ పొడవాటి పగటిని కప్పేస్తాయి. ఏడాదిలో అన్నిటికన్నా పెద్ద పగలు ఇక్కడ తరచూ ముసురులోనే గడిచిపోతుంది. ఎవరూ గుర్తించరు.

కర్కట రేఖకు దక్షిణాన ఉన్న ఊరు కనుక శ్రీకాకుళం మీదుగా సూర్యుడు ఉత్తరానికి పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. మే 13 ప్రాంతంలో ఉదయం 11 గంటల 51 నిమిషాలకు, జులై 31 ప్రాంతంలో మధ్యాహ్నం 12 గంటల 1 నిమిషానికి. విజయనగరంలో ఒక రోజు తేడా ఉండొచ్చు, ఇచ్ఛాపురంలో మే 16, జులై 28 దరిదాపుల్లో. ఆ క్షణానికి నేలలో నిలువుగా పాతిన కర్రకు నీడ ఉండదు. ఈ రెండు తేదీల మధ్య రెండున్నర నెలల పాటు మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరాన ఉంటాడు, నీడ దక్షిణానికి పడుతుంది. ఢిల్లీలో ఇది ఎన్నడూ జరగదు. పరీక్షించాలనుకునే బడులు మే తేదీనే ఎంచుకోవడం మంచిది. అప్పటికి సెలవులు వచ్చేసి ఉంటాయన్నది ఒక్కటే చిక్కు. జులై తేదీకి పిల్లలు బళ్లోనే ఉంటారు కానీ సూర్యుడు దొరకడం కష్టం.